ఇచ్చిన నీళ్ళు, తీసుకున్న నీళ్ళు

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని థర్మోపొలిస్ ఊళ్ళో నేను దిగిన రిసార్ట్ గదిలో, బల్ల మీద టీవీ రిమోట్ పక్కన ఒక కరపత్రం ఉంది. రిసార్టుల్లో ప్రతి గదిలోనూ ఉండేదే. బ్రేక్‌ఫాస్ట్ ఎన్ని గంటలకి, వేడినీళ్ళ కొలను రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది, పిల్లల్ని ఎంతసేపు ఉండనివ్వొచ్చు, ఇవన్నీ ఒకవైపు. రెండోవైపు ఊరి చరిత్ర ఓ పది లైన్లలో. 1896లో షోషోనీ అనే అమెరికా ఆదివాసీ తెగ పెద్ద వాషాకీ ఈ వేడినీటి బుగ్గలను ప్రజలందరికీ కానుకగా ఇచ్చాడని, ఆ కానుకనే ఈరోజుకీ అందరం అనుభవిస్తున్నామని రాశారు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. షూ విప్పి, టవల్ భుజాన వేసుకుని కొలను దగ్గరికి వెళ్ళాను. వెళ్ళినా కానుక అన్న మాట నన్ను వదల్లేదు. రెండు రోజుల తర్వాత ఎల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట ఎప్పుడు చిమ్ముతుందా అని బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా మనసంతా దాని మీదే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున ఐదున్నరకి కొలరాడోలో డెన్వర్ పక్కనున్న ఆరోరాలో ఇంటి నుంచి బయల్దేరాను, ఒక్కదాన్నే. పిల్లలు కాలేజీల్లో ఉన్నారు, ఆయనకి ఆఫీసులో రిలీజ్ టెన్షన్, నాకు మాత్రం వారం సెలవు దొరికింది. సెప్టెంబరు దాటితే మంచు మొదలవుతుంది, ఇక మళ్ళీ వచ్చే ఏడాదే. థర్మోపొలిస్‌లో ఒక రాత్రి ఆగాలనుకోవడం దూరం లెక్క చూసి పెట్టుకున్నదే. డెన్వర్ వైపు నుంచి ఎల్లోస్టోన్ తూర్పు గేటుకి వెళ్ళేవాళ్ళకి సరిగ్గా నడుం పట్టేసే చోట ఈ ఊరు వస్తుంది. జనాభా మూడు వేలు కూడా ఉండదు. ఊరి పైన కొండ మీద తెల్లటి పెద్ద అక్షరాలతో ప్రపంచంలోకెల్లా పెద్ద ఖనిజ వేడినీటి బుగ్గ ఇదేనని రాసి పెట్టుకున్నారు.

ఊరికి ముందు విండ్ రివర్ లోయ వస్తుంది. రోడ్డు ఒక ఒడ్డున, రైలు పట్టాలు రెండో ఒడ్డున, మధ్యలో నది. పక్కన చిన్న చిన్న బోర్డులు పెట్టారు, ఈ రాతి పొర పేరు ఇది, వయసు ఇన్ని కోట్ల ఏళ్ళు అని. ఉత్తరానికి పోయేకొద్దీ రాళ్ళ వయసు తగ్గుతూ వస్తుంది. లోయ దాటగానే 'వెడ్డింగ్ ఆఫ్ ది వాటర్స్' అనే చోటు ఉంది, అంటే నీళ్ళ పెళ్ళి. రెండు నదులు కలిసే చోటేమో అనుకుని కారు ఆపి దిగాను. తీరా చూస్తే అక్కడ ఇంకో నది వచ్చి కలవదు. అక్కడిదాకా విండ్ రివర్ అని పిలిచిన నదినే అక్కడి నుంచి బిగ్‌హార్న్ అంటారు. నీళ్ళు అవే, పేరు మారింది. అప్పుడు దాన్ని వింతగా చూసి ముందుకు వెళ్ళిపోయాను. రాత్రి ఆ కరపత్రం చదివాక మళ్ళీ గుర్తొచ్చింది.

కొలను గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నిజంగా బాగుంది. చీకటి పడింది, బయట చలి, నీళ్ళ మీద ఆవిరి మందంగా తేలుతోంది, పక్క మనిషి మొహం కూడా సరిగ్గా కనిపించట్లేదు. గంధకం వాసన. మొదట్లో ఉడికిన గుడ్డు వాసనలా తగిలింది, పది నిమిషాలకి ముక్కు అలవాటు పడిపోయింది. మెడ దాకా మునిగి కూర్చుంటే ఆరేడు గంటల డ్రైవింగ్ భుజాల్లోంచి ఒక్కో పోగూ జారిపోతున్నట్టు అనిపించింది. ఈ వేడి ఎల్లోస్టోన్ అగ్నిపర్వతానిదే అనుకున్నాను కానీ కాదు. దక్షిణాన ఔల్ క్రీక్ కొండల మీద పడిన వానా మంచూ రాతి పొరల్లో చాలా లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, పగుళ్ళ దారిన ఇక్కడ పైకొస్తాయి. మన మణుగూరు దగ్గర పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్ళు రావడమూ ఇలాంటిదే.

నాకు మాత్రం మహానంది గుర్తొచ్చింది. మాది కర్నూలు వైపు. చిన్నప్పుడు శివరాత్రికి వెళ్తే కోనేట్లో నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున పడిన పావలా బొమ్మా బొరుసూ తెలిసేది. ఆ నీళ్ళు గుడి దాటి అరటి తోటలకి పారేవి. మునకేసినందుకు డబ్బు అడిగినవాళ్ళు లేరు. ఆ నీళ్ళు మాకు ఎవరో ఇచ్చిన కానుక అని కూడా ఎవరూ చెప్పలేదు. ఉన్నాయి, మునిగాం, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గతిలేని పరిస్థితిలో ఒకరు వదులుకున్నదాన్ని తీసుకున్నవాళ్ళు కానుక అనో త్యాగం అనో పిలవకూడదు. అది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత రాయను. ఆ మాట వల్ల బాకీ మారిపోతుంది. కానుక ఇచ్చినవాళ్ళకి మనం పడే బాకీ కృతజ్ఞత ఒక్కటే, ఏడాదికోసారి దండ వేస్తే తీరిపోతుంది. ఒప్పందం చేసుకున్నవాళ్ళకి మాత్రం ఒప్పుకున్నది చెల్లించాలి.

మన ఆచారంలో దానం ఇచ్చేటప్పుడు చేతిలో నీళ్ళు పోసి ధారపోస్తారు. ఆ నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారాక ఇక అది నాది కాదు. ఆవునిచ్చినా, భూమినిచ్చినా, కూతురినిచ్చినా అదే తంతు. ధారపోసినదాని గురించి మళ్ళీ నోరెత్తకూడదు. పెద్దవాళ్ళు పేదవాళ్ళ దగ్గర తీసుకున్నదానికి దానం అనే పేరు పెట్టడంలో ఉన్న సుఖం అదే. ఇచ్చినవాళ్ళు ఇక నోరెత్తడానికి ఉండదు.

కాగితం మీద ఏముంది

రాత్రి గదికి వచ్చి ఫోన్‌లో ఆ 1896 ఒప్పందం వెతికి చదివాను. పెద్దదేం కాదు, కూర్చుంటే పావుగంట పని.

అప్పటికి షోషోనీల పరిస్థితి తెలియకపోతే ఆ కాగితం అర్థం కాదు. 1868లో ఫోర్ట్ బ్రిడ్జర్ ఒప్పందంతో వాళ్ళకి విండ్ రివర్ ప్రాంతం రిజర్వేషన్‌గా, అంటే తెగకి కేటాయించిన నేలగా, మిగిలింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, బంగారం గనుల వాళ్ళు వచ్చి కూర్చున్న దక్షిణ భాగాన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. 1878లో ప్రభుత్వం అరాపహో తెగను తెచ్చి అదే రిజర్వేషన్‌లో దింపింది. ఇద్దరికీ పాత పగలు. తాత్కాలికం అన్నారు, ఆ తాత్కాలికం ఈనాటికీ అలాగే ఉంది. మా ఇంటి స్థలంలో ఇంకొకరిని ఎలా పెడతారని షోషోనీలు దావా వేస్తే, నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1938 వచ్చింది. అడవిదున్నలు 1880ల్లోనే దాదాపు కనుమరుగయ్యాయి. వేట పోయాక వాళ్ళ పొయ్యి వెలగాలంటే ప్రభుత్వం ఇచ్చే రేషనే దిక్కు.

అలాంటప్పుడు, 1896 ఏప్రిల్‌లో, జేమ్స్ మెక్‌లాఫ్లిన్ అనే అధికారి వచ్చి కూర్చున్నాడు. బుగ్గల చుట్టూ పది మైళ్ళు పొడవు, పది మైళ్ళు వెడల్పు ఉన్న నేల. ధర అరవై వేల డాలర్లు. అందులో పదివేలు నగదుగా తలా ఇంత పంచుతారు. మిగతాది ఏటా కొంత చొప్పున, చాలావరకు పశువుల రూపంలో, తిండి సామాను రూపంలో. వాషాకీ, అరాపహోల పెద్ద షార్ప్ నోస్, వాళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు.

ఒప్పందం మొదటి అంశంలో వదులుకోవడానికి ఇంగ్లీషులో ఎన్ని క్రియలున్నాయో అన్నీ వరసగా పేర్చారు. బదిలీ చేస్తున్నాం, విడిచిపెడుతున్నాం, అప్పగిస్తున్నాం, ఎప్పటికీ, పూర్తిగా. కానుక అన్న మాట మాత్రం నాకెక్కడా కనబడలేదు. కింద ఇంకో మాట ఉంది. ఈ బుగ్గలు ఎప్పటికీ సాధారణ ప్రజల వాడకం కోసమే ఉండాలని, అక్కడ కట్టే వసతులను మిగతా ప్రజలతో పాటు ఇండియన్లు, అంటే ఆ తెగలవాళ్ళు, కూడా వాడుకోవచ్చని. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. నిన్నటిదాకా తమవే అయిన నీళ్ళలో దిగడానికి, మీరు కూడా రావొచ్చు అని వాళ్ళకి రాసిచ్చారు.

మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ ఆమోదించింది. ఆ నేలంతా ప్రజల పార్కుగా మిగల్లేదు. ఒక చదరపు మైలు వయోమింగ్ రాష్ట్రానికి ఇచ్చారు, అదే ఇప్పటి హాట్ స్ప్రింగ్స్ స్టేట్ పార్కు. వాషాకీ 1900లో పోయాడు. సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. వాషింగ్టన్‌లో కాపిటల్ భవనంలో వయోమింగ్ తరఫున నిలబెట్టిన విగ్రహాల్లో ఒకటి ఆయనదే.

మా అవ్వ రోలు

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా నాన్నవాళ్ళ ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్ళలో ఉంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళు, లక్ష మంది. 1981 వేసవిలో మా వాళ్ళని లేపారు. నేనప్పటికి పుట్టి ఏడాది కూడా కాలేదు. బండిలో అవ్వ ఒళ్ళో ఉన్నానట.

వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే జనం వెళ్ళి పూజలు చేస్తారు కదా, అది పేపర్లో ఫోటోతో సహా వస్తుంది. ఊళ్ళు బయటపడితే ఫోటో తీసేవాళ్ళు ఉండరు. నాకు పదేళ్ళప్పుడు అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయింది. గోడలు లేవు. పునాది రాళ్ళు, బురద ఎండి పగుళ్ళిచ్చిన నేల, ఒక బావి గట్టు. అవ్వ ఎటూ తడుముకోకుండా నడిచి ఒక చోట ఆగింది. అక్కడ మా రోలు ఉంది. బరువని వదిలేసి పోయిన రోలు. గుంట నిండా ఒండ్రు గట్టిపడి ఉంది. అవ్వ కొంగు దోపుకుని కూర్చుని, వేళ్ళతో ఆ ఒండ్రు అంతా గీకి తీసింది. గుంట శుభ్రం అయ్యేదాకా లేవలేదు. మళ్ళీ వానలొస్తే నీళ్ళొస్తాయని, మళ్ళీ నిండుతుందని ఆమెకి తెలుసు. అయినా తీసింది.

ప్రాజెక్టు గురించి ఎవరు మైకు పట్టుకున్నా ముంపు గ్రామాల ప్రజల త్యాగం అంటారు. మీ త్యాగం వల్లే రాష్ట్రంలో దీపాలు వెలుగుతున్నాయి అంటారు. ఒకసారి టీవీలో ఆ మాట వచ్చినప్పుడు అవ్వ వక్కాకు నములుతూ అంది, "త్యాగమంట. మేమేడ ఇచ్చినాం? తీసుకుంటే పోయినాం." అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రెండు ముక్కలూ నాలో ఉండిపోయాయి.

1986లో 98 జీవో వచ్చింది. శ్రీశైలం ముంపులో ఇల్లూ పొలమూ పోయినవాళ్ళకి ఇంటికొక ఉద్యోగం. మా చిన్నాయనకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. అర్జీ పెట్టాడు. సర్టిఫికెట్లు, నకళ్ళు, విచారణలు, సీనియారిటీ జాబితాలు. కొందరికి ఏళ్ళ తరబడి కొట్లాడాక వచ్చాయి. మా చిన్నాయనకి రాలేదు, ఇప్పుడు అరవై దాటాడు. ఒక ఆఫీసులో ఒకాయన, "నీకింకా ఎందుకయ్యా, మీరంతా త్యాగధనులు" అని నవ్వుతూ అన్నాడట. చిన్నాయన అది చెప్పినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఆఫీసాయన చెడ్డవాడై ఉండక్కర్లేదు. ఆ మాటే అలాంటిది. త్యాగధనుడు అనగానే ఎదుటి మనిషి అప్పిచ్చినవాడి స్థానంలోంచి జారి దండలేసి పక్కన పెట్టాల్సిన పటం అయిపోతాడు.

ఇరవై నిమిషాలు

పొద్దున గది ఖాళీ చేసి ఎల్లోస్టోన్ వైపు కోడీ ఊరి దారి పట్టాల్సింది. కానీ స్టేట్ బాత్ హౌస్ చూడకుండా కదల్లేకపోయాను. పార్కులో వాటర్ స్లైడ్లతో డబ్బు తీసుకునే కొలనులు వేరే ఉన్నాయి, రిసార్టువి రిసార్టుకి ఉన్నాయి. ఇది రాష్ట్రం నడిపేది, ఉచితం. లోపలొక కొలను, బయటొక కొలను. బుగ్గ దగ్గర నీళ్ళు మనిషి దిగలేనంత వేడి. వాటిని 104 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో 40కి, చల్లార్చి వదులుతారు. టవల్, స్విమ్‌సూట్ లేకపోతే కొద్దిపాటి అద్దెకిస్తారు. మనిషికి ఇరవై నిమిషాలు. ఎందుకు ఉచితం అని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే చెబుతారు, వాషాకీ పెట్టిన షరతు అని.

కౌంటర్ దగ్గర రిజిస్టరులో పేరు, ఊరు, టైము రాయాలి. నా ముందు పేజీలో చూపు తిప్పాను. కాస్పర్, బిల్లింగ్స్, ఒహాయో, ఒకటి జర్మనీ. రిజర్వేషన్ వాళ్ళు వస్తారా అని అక్కడ కూర్చున్నామెని అడిగాను. "ఎందుకు రారు, శని ఆదివారాల్లో పిల్లల్ని తీసుకుని వస్తారు" అంది. వాళ్ళకి కూడా ఇరవై నిమిషాలేనా అని అడిగాను. ఆ ప్రశ్న ఆమెకి వింతగా తోచినట్టుంది. "అందరికీ ఇరవై నిమిషాలే" అంది. మిగతా ప్రజలతో పాటు అన్న ఆ వాక్యం నూట ముప్పై ఏళ్ళ తర్వాత ఇంత కచ్చితంగా అమలవుతోంది.

బయటి కొలనులో మెట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ గాట్లు పైనుంచి కిందికి. రోజూ వస్తానంది. ఇంటి నుంచి కారులో నాలుగు నిమిషాలు. "ఫిజికల్ థెరపీకి ఇన్సూరెన్స్ ఇన్నిసార్లే ఇస్తుంది. ఇది నాకు రోజూ దొరుకుతుంది" అంది. గుమాస్తా వచ్చి టైము అయిందని చెప్పకముందే ఆమె తనంతట తానే లేచి, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కింది. ఆమె ఖాళీ చేసిన చోట నేను కూర్చున్నాను.

రాత్రి రిసార్ట్ కొలనులో ఎంతసేపైనా ఉండొచ్చు. డబ్బు కట్టాను, కాబట్టి నాది. ఇక్కడ ఇరవై నిమిషాలు నాది, తర్వాత ఇంకొకరిది. నీళ్ళు రెండు చోట్లా ఒకటే వాసన, ఒకటే వేడి. అయినా ఈ ఇరవై నిమిషాల్లో నేను నీళ్ళని ఇంకాస్త శ్రద్ధగా అనుభవించాను. అటువైపు రాళ్ళ మీదుగా పారే చోట సున్నం పేరుకుని మెట్లు మెట్లుగా ఏర్పడింది. వాటి మీద నాచు పసుపు, నారింజ, ముదురాకుపచ్చ. అటే చూస్తూ కూర్చున్నాను.

నాకు నేనే వేసుకున్న ప్రశ్నలు

ఆ నీళ్ళలో ఉండగానే నా వాదన మీద నాకే అనుమానాలొచ్చాయి. మొదటిది, షోషోనీలే కానుక అంటున్నారు కదా. ఈ ఊళ్ళో 'గిఫ్ట్ ఆఫ్ ది వాటర్స్' అనే నాటక ప్రదర్శన ఉంది, 1925లో మొదలైంది. ఆగస్టులో బుగ్గ దగ్గరే వేస్తారు. షోషోనీలు స్వయంగా వచ్చి అందులో పాల్గొంటారు, నీళ్ళకి ప్రార్థన చేస్తారు. వాళ్ళకి లేని అభ్యంతరం ఎక్కడో కర్నూలు నుంచి వచ్చిన నాకెందుకు?

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ మా అవ్వ కూడా ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు చూడ్డానికి వెళ్ళింది. కొబ్బరికాయ కొట్టింది. కృష్ణమ్మకి చీరె పెట్టింది. ఆమె దండం పెట్టింది నీళ్ళకి, తీసుకున్నవాళ్ళకి రసీదు రాసివ్వలేదు. షోషోనీలు ఆ నీళ్ళకి చేసే ప్రార్థన వాళ్ళది. కరపత్రం మీద కానుక అని అచ్చు వేసేవాళ్ళు వేరు. ఒకే మాట ఇచ్చినవాళ్ళ నోట్లో గౌరవంగా ఉంటుంది, తీసుకున్నవాళ్ళ నోట్లో అప్పు ఎగ్గొట్టినట్టు ఉంటుంది.

రెండోది, డబ్బిచ్చారు కదా, అమ్మకం అనొచ్చు కదా. అనొచ్చు. కానుక కంటే అమ్మకం అన్న మాట వెయ్యి రెట్లు నిజాయితీ. అమ్మకం అంటే కనీసం ధర గురించి అడగొచ్చు, ఆకలితో ఉన్నవాడు చెప్పే ధర ధరేనా అని అడగొచ్చు. మా ఊరికీ నష్టపరిహారం ఇచ్చారు. ఆ డబ్బుతో నంద్యాల వైపు తడి పొలం ఒక ఎకరం కూడా రాలేదని నాన్న అనేవాడు.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆరోరాలో మా ఇల్లు ఉన్నది అరాపహో కౌంటీలో, కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. ఏటా నేను కట్టే ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీద పైన ఆ పేరే ఉంటుంది. పదిహేనేళ్ళుగా కడుతున్నాను, ఒక్కసారి కూడా అది ఒక జాతి పేరని ఆగి చూడలేదు. డెన్వర్ చుట్టుపక్కల నేల అరాపహోలది, షయాన్‌లది. 1864లో శాండ్ క్రీక్ దగ్గర వాళ్ళ గుడారాల మీద సైన్యం పడి ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా చంపింది. కొన్నేళ్ళకి కొలరాడోలో వాళ్ళు లేకుండా పోయారు, కౌంటీకి పేరు మిగిలింది. వాళ్ళలో ఉత్తరాది అరాపహోలు చివరికి షోషోనీల రిజర్వేషన్‌లో తేలారు. నేను నాలుగు వందల మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చి, మా కౌంటీ పేరున్న మనుషులు సంతకం పెట్టి వదులుకున్న నీళ్ళలో కూర్చుని, న్యాయం గురించి ఆలోచిస్తున్నాను.

దీని వల్ల నా వాదన తప్పవుతుందా? చాలాసేపు ఆలోచించాను. ముంపు ఊరి మనవరాలిని కాబట్టి నేను బాధితుల వైపు అనుకోవడం తేలిక. ఇక్కడ నేను తీసుకున్నవాళ్ళ వైపున ఉన్నాను, ఇల్లు కొనుక్కుని, టాక్స్ కట్టి, రిసార్ట్‌లో గది బుక్ చేసుకుని. కాబట్టి ఆ కరపత్రం నన్ను ఊరడించడానికి రాసిందే. ఎవరో పెద్దమనిషి ప్రేమగా ఇచ్చాడు, నువ్వు హాయిగా మునుగు అని నాతోనే చెబుతోంది. అందుకే నేను దాన్ని ఒప్పుకోకూడదు. మునగొచ్చు, మునిగాను కూడా. కానీ ఆ ముసలాయన వాషాకీ, తెగ మొత్తం రేషన్ మీద బతుకుతున్న రోజుల్లో, ఎలాగూ పోతాయని తెలిసిన నీళ్ళ విషయంలో, పోయేముందు ఒక షరతు రాయించుకున్నాడు. అది ఆయన తెలివి, ఆయన పట్టు. కానుక అనేస్తే ఆ తెలివి మాయమై మంచితనం ఒక్కటే మిగులుతుంది. ఆ మోకాళ్ళ పెద్దావిడ రోజూ దిగుతున్నది ఆయన మంచితనంలోకి కాదు, ఆయన పట్టుబట్టిన షరతులోకి. రేపు ఎవరైనా బాత్ హౌస్‌కి టికెట్ పెడదాం అంటే, కానుక అని నమ్మినవాళ్ళు అయ్యో అని ఊరుకుంటారు. షరతు అని తెలిసినవాళ్ళు కాగితం తీసి చూపిస్తారు.

చిన్నాయన ఫోను

జుట్టు ఆరకముందే కారులో కూర్చుని చిన్నాయనకి ఫోన్ చేశాను. ఇక్కడ పొద్దున పది, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర.

"యాడున్నావ్ పాపా? ఒక్కదానివే తోలుకుంటా పోతాండావంట, మీ అమ్మ భయపడతాంది."

బాగానే ఉన్నానని చెప్పి, వాషాకీ గురించి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు, "ఐతే ఇప్పటికీ దుడ్లు తీసుకోరా నీళ్ళకి?"

"తీసుకోరు చిన్నాయనా."

"కాగితంలో రాసినందుకేనా?"

"ఎప్పటికీ ప్రజల వాడకానికే అని రాశారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ ముక్క తెలుగులో రాసి పంపు. సోమారం కలెక్టరాఫీసు కాడికి పోతాండాం. అర్జీకి ఎనక పెడతా" అన్నాడు.

నేను వెంటనే ఒప్పుకోలేదు. అమెరికా వాళ్ళు మాట నిలబెట్టుకుంటారని మన అర్జీలో రాస్తే అది అబద్ధం అవుతుంది చిన్నాయనా, వాళ్ళు ఇలాంటివి ఎన్నో రాసి ఎన్నో తప్పారు, ఈ ఒక్కదాంట్లో కూడా పది మైళ్ళ పొడవూ పది మైళ్ళ వెడల్పూ ఉన్న నేలలో ఒక చదరపు మైలే మిగిలింది అని చెప్పాను. "అది మనకి తెలీదా పాపా" అన్నాడు. "నిలబెట్టుకున్న ముక్క మటుకు పంపు. తప్పినవి మన దగ్గర శానా ఉండాయి."

బాత్ హౌస్ ముందు పార్కింగ్‌లో కారు ఆపుకునే, ఒప్పందం ఫోన్‌లో తెరిచి, రెండు వాక్యాలు తెలుగు చేయడానికి కూర్చున్నాను. షరతు వాక్యం తేలిగ్గానే వచ్చింది. మొదటి వాక్యం దగ్గర చేయి ఆగింది. ఇచ్చివేశారు అని రాశాను, కొట్టేశాను. సమర్పించారు అంటే గుళ్ళో చెప్పినట్టుంది. ధారాదత్తం చేశారు అని మన దస్తావేజుల భాషలో రాద్దామంటే అదే నేను రాత్రంతా తిట్టుకున్న మాట. అప్పగించారు అని రాసి చిన్నాయనకి చదివి వినిపించాను.

"అప్పగించేది దొంగల్ని" అన్నాడు. "వదులుకున్నారు అని రాయి. సదివినోనికి తెలుస్తాది."

వదులుకున్నారు అని రాశాను. కింద షరతు ఉన్నదున్నట్టు రాశాను. పంపబోతుంటే మళ్ళీ ఫోన్ వచ్చింది.

"తేదీ యెయ్యి పాపా. తేదీ లేకుంటే ఆ గుమాస్తా తీసుకోడు."

1896 ఏప్రిల్ 21 అని వేసి పంపించాను.